బయలుదేరే ముందు

మా చిన్నాయన రేసుల్లో కారు నడిపేవాడు. హైదరాబాదుకు పోయి చిన్న విమానం నడపడం కూడా నేర్చుకున్నాడు. రెండూ సరదాకే, బతుకుతెరువు వనపర్తిలో విత్తనాల దుకాణం. అంత వేగం మరిగిన మనిషి ఇంటి ముందు నుంచి కదలడానికి మాత్రం మా ప్రాణాలు తోడేసేవాడు.

ముందు కారు చుట్టూ తిరిగేవాడు. ఒక్కో టైరునూ అరచేత్తో నొక్కేవాడు. చివరికి వంగి, కింద నూనె కారుతోందేమో చూసేవాడు. గద్వాలలో పెళ్లి ముహూర్తం దాటిపోతోందని లోపల మేం ఉడికిపోతుంటే, కిటికీలో తల పెట్టి, "మీదికి పోయినంక దిగి చూస్తనంటే కుదర్దు" అనేవాడు.

"ఇది కారు, ఇమానం కాదు!" అని చిన్నమ్మ విసుక్కునేది.

మొన్న గుండెనొప్పితో దవాఖానలో పోయాడు. అమరచింత దగ్గరి పొలానికి తీసుకుపోవడానికి వైకుంఠ రథం వచ్చింది. ఎండ ముదురుతోందని పెద్దలు, ఇంకో చోటికి పోవాలని డ్రైవరు, అందరిదీ తొందరే. నాకూ కాలు నిలవడం లేదు.

ఇంజను మోగగానే చిన్నమ్మ గడప దిగి వచ్చి వ్యానుకు అడ్డంగా చెయ్యి చాపింది. డ్రైవరు ఇంజను ఆపేశాడు. ఆమె ఒక్కో టైరునూ అరచేత్తో నొక్కుతూ చుట్టూ నడిచింది.

"ఆలస్యమైతుందమ్మా" అన్నాడొక పెద్దాయన.

"చూడకుంట ఆయన ఎన్నడు బండెక్కలే" అంది.

మోకాళ్ల నొప్పులతో ఆమె వంగలేదు. నా వైపు చూసింది. నేను రోడ్డు మీద మోకరిల్లి కిందికి చూశాను. నూనె చుక్కయినా లేదు. ఆ మాట చెప్తే వ్యాను కదులుతుంది.

నేను లేవలేదు.