సత్యానందం మేస్త్రీగారిని దించిన తోలు పట్టీ

నా చేతుల్లో పడి పాడైన వస్తువులకు లెక్కలేదు. రెండు గొడుగులు, ఒక సైకిలు, మా ఆవిడ కుట్టుమిషను. వాటి గురించి ఎవరడిగినా మొహమాటం లేకుండా చెప్పేస్తాను. ఒక మనిషి సమాధి కార్యక్రమాన్ని పాడుచేసిన ఘనత కూడా నాకుంది. అది మాత్రం ఇన్నాళ్లూ దాచుకున్నాను. ఇప్పుడు తెలిసినవాళ్లందరూ పోయారు కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. నవ్వాలనిపిస్తే నవ్వండి. నాకు ఇప్పటికీ సగం నవ్వే వస్తుంది, మిగతా సగం ఇంకోటి వస్తుంది.

అరవైల మొదట్లో మాట. జంషెడ్‌పూర్‌లో మా ఇల్లు సిద్ధగోరాలో ఉండేది. రోజూ సైకిలు తొక్కుకుంటూ గమ్హరియా వైపు ఒక చిన్న షెడ్డులో పనికి వెళ్లేవాణ్ణి. రైసు మిల్లులకీ, రంపపు మిల్లులకీ మోటారు నుంచి యంత్రాన్ని తిప్పే తోలు బెల్టులు అక్కడ కుట్టేవాళ్లం. ఇరవై నాలుగేళ్ల వయసు, నూనె రాసి దువ్విన ఒత్తు జుట్టు, నాకు రాని పని లేదన్న నమ్మకం. ఆ మూడూ ఇప్పుడు లేవు. అన్నిటికంటే ముందు పోయింది నమ్మకం.

మాకు పని నేర్పింది సత్యానందం మేస్త్రీగారు. భీమిలి వైపు మనిషి, మా చర్చివారే. కుదిమట్టంగా, బస్తాలా ఉండేవారు. బెల్టు ఎవరు కుట్టినా ఆయన పరీక్ష ఒక్కటే. దాన్ని పైదూలానికి రెండు కొసలూ కట్టించి, ఉయ్యాలలో కూర్చున్నట్టు మధ్యలో కూర్చుని, కాళ్లు పైకెత్తి, కళ్లు మూసుకుని, పరలోక ప్రార్థన మొదటి నుంచి చివరి దాకా తాపీగా చెప్పేవారు. ఆమేన్ అనేదాకా బెల్టు ఆగితే పాసు. ముస్లిం పనివాళ్లూ, సంతాల్ గిరిజన పనివాళ్లూ కూడా ఆ ఆమేన్ కోసం ఊపిరి బిగబట్టి నిలబడేవారు. మూడేళ్లలో నా బెల్టు ఒక్కటీ తెగలేదు, కానీ ఒక్కదాన్నీ ఆయన మెచ్చుకోలేదు. దిగి, దులుపుకుని, కుట్టు మీద బొటనవేలితో రాసి, "ఆగింది, అంతే" అనేవారు.

నా మీద ఆయన ఫిర్యాదంతా గ్రూవర్ గురించే. కుట్టేముందు తోలు మీద దారం పడుకోవడానికి సన్నటి గాడి తీసే పనిముట్టు అది. చిన్న పిడి, కొసన గోరంత పదును, అంచును పట్టుకుని నడవడానికి పక్కన ఒక ఊచ. గాడిలో దారం దిగిపోతే పైన రాపిడి తగలదు, కుట్టు పదేళ్లుంటుంది. దాన్ని లాగుతుంటే తోలు సన్నటి దారంలా చుట్టుకుంటూ పైకి లేస్తుంది. ఆ సుఖం ఎరిగినవాడు ఆపలేడు. నేను ఆపేవాణ్ణి కాదు. మేస్త్రీగారు రోజూ ఒకటే చెప్పేవారు. నిలువునా గాడి తీస్తే కాస్త లోతైనా తోలు ఓర్చుకుంటుంది, అడ్డంగా మాత్రం గోటితో గీసినంతే ఉండాలి, ఎందుకంటే అడ్డంగా తీసేది గాడి కాదు, కోత. నేను తల ఊపేవాణ్ణి. తల ఊపడంలో నాకు మంచి పేరుండేది.

ఆ ఏడు వేసవిలో ఆయనకు కడుపులో గడ్డ అన్నారు. ఆసుపత్రివాళ్లు చూసి, ఇంటికి తీసుకెళ్లిపొమ్మన్నారు. భుయ్యాడీహ్‌లో నది దగ్గర రెండు గదుల ఇల్లు ఆయనది. మూడు నెలల్లో ఆ బస్తా మనిషి మంచానికి అంటుకుపోయారు. ఒక సాయంత్రం రమ్మని కబురంపితే వెళ్లాను. ఆయన భార్య రత్నమ్మత్త బార్లీ నీళ్లు చెంచాతో పోస్తోంది.

"పెకాశం, నాకొకటి సేసి పెట్టాలిరా" అన్నారు.

చెప్పమన్నాను.

"మొన్న వానల్లో మన సర్చి తాతారావుని గోతిలో దింపినప్పుడు సూసినావు కదా. తాడు తడిసి జారిపోయి, ఆడి పెట్టె ఎలా పడ్డాదో. నన్నలా పడీవొద్దు. మంచి తోలు పట్టీలు రెండు సెయ్యి. తిన్నగా దిగాల."

రత్నమ్మత్త చెంచా గిన్నెలో పెట్టి గోడవైపు తిరిగిపోయింది. ఆయన కళ్లు మూసుకుని, "నువ్వే సెయ్యి" అన్నారు.

నువ్వే చెయ్యి. మూడేళ్లుగా నేను ఎదురుచూసిన మెప్పు అదే. సైకిలు మీద ఇంటికి వస్తూ దారంతా ఏడ్చాను. ఏడుస్తూనే ఆ పట్టీలు ఎంత అందంగా ఉండాలో ఆలోచించాను. నేనెలాంటి వెధవనో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

షెడ్డులో చేస్తే నలుగురూ చెయ్యి వేస్తారని, తోలూ గ్రూవరూ ఇంటికి తెచ్చుకున్నాను. పెట్టె కింద నుంచి చుట్టి రెండు వైపులా ఇద్దరు మనుషులు పట్టుకోవాలంటే చాలా పొడవుండాలి. అంత పొడవు తోలు ఒకే ముక్కగా దొరకదు. రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కించి, మధ్యలో అడ్డంగా మూడు వరసలు కుట్టాలి. ఆ అతుకు సరిగ్గా పెట్టె అడుగుకు వస్తుంది. చెక్క అంచు దారాన్ని కొరికేస్తుందేమోనని భయం వేసింది. దారం ఎంత లోపలికి దిగితే అంత క్షేమం కదా అని నా బుర్ర చెప్పింది. ఇదే బుర్ర రెండు గొడుగుల విషయంలోనూ సలహా ఇచ్చింది. అడ్డంగా తీసిన మూడు గాడుల్నీ సగం మందం దాటించి, మైనం పట్టించిన దారంతో కుట్టి, సుత్తితో కొట్టి, కొవ్వు రాశాను. దారం ఎక్కడుందో వేలికి కూడా తగలలేదు. అంత చక్కటి పని నేను మళ్లీ ఎప్పుడూ చెయ్యలేదు.

పరీక్ష కూడా చేశానండోయ్. దూలానికి వేలాడదీసి, కూర్చుని, కాళ్లెత్తి ప్రార్థన మొదలుపెట్టాను. మా అమ్మ వంటింట్లోంచి వచ్చి చూసింది.

"ఏట్రా, ఆయనక్కడ అలాగుంటే నువ్వు ఉయ్యాల ఊగుతన్నావా?"

సిగ్గేసి ప్రార్థనలో మిగతా సగం ఒక్క గుక్కలో మింగేసి, ఆమేన్ అని దూకేశాను. అప్పట్లో నా బరువు తడిసిన పిల్లికంటే కొంచెం ఎక్కువ.

పట్టీలు పూర్తయిన నాలుగో రోజున మేస్త్రీగారు పోయారు. పోకముందు చూపిద్దామని తీసుకెళ్లేసరికే తెలివిలో లేరు. ఆయన చెయ్యి తీసి, బొటనవేలిని నేనే కుట్టు మీద ఆనించాను. వేలు కదల్లేదు.

ఆయన పోయిన మర్నాడు ఒకటే వాన. సాల్ మాను చెక్క పెట్టె నీళ్లు తాగి రెట్టింపు బరువెక్కింది. గొయ్యి అంచుల్లో ఎర్రమట్టి జారుతోంది. చర్చివాళ్లూ షెడ్డువాళ్లూ అందరూ గొడుగుల కింద నిలబడ్డారు. తల వైపు పట్టీని ఇద్దరు పట్టుకున్నారు. కాళ్ల వైపు పట్టీకి ఒక కొస నేను, రెండో కొస షెడ్డులో పనిచేసే ఇస్మాయిల్ పట్టుకున్నాం. అతను పట్టీని చేత్తో తడిమి, "క్యా చీజ్ బనాయీ హై, భాయ్" అని మెల్లగా మెచ్చుకున్నాడు. దుఃఖంలోనూ నా ఛాతీ రెండంగుళాలు పొంగింది.

దించడం మొదలుపెట్టగానే పాస్టరుగారు పరలోక ప్రార్థన ఎత్తుకున్నారు. అందరూ అందుకున్నారు. పెట్టె తిన్నగా, నీళ్ల మీద తేలుతున్నట్టు దిగుతోంది. ఇంకొక మూరెడే ఉంది. అప్పుడు నా చేతుల్లో చిన్నగా ఒక చప్పుడు తెలిసింది. తపాలా బిళ్లలు వరసన చింపినప్పుడు వస్తుందే, అదే. నేను వెనక్కి పడి బురదలో కూర్చున్నాను, చేతిలో సగం పట్టీతో. అవతల ఇస్మాయిల్ మిగతా సగంతో అలాగే కూర్చున్నాడు. కాళ్ల వైపు పెట్టె ధన్‌మని దిగింది, తల వైపు పైనే ఉండిపోయింది. మేస్త్రీగారు గోతిలో కాళ్లూని, పని చూడ్డానికి లేచి నిలబడ్డట్టే ఉంది.

ప్రార్థన ఆగిపోయింది. భూమి అక్కడ ఎలాగూ తవ్వే ఉంది కాబట్టి నేనూ అందులోకే పోదామనుకున్నాను. ఆయన కోరింది ఒక్కటే, తిన్నగా దిగాలని. ఆ ఒక్కటీ నేను చెయ్యలేకపోయాను.

రత్నమ్మత్త గొడుగు కింద నుంచి వచ్చింది. నా చేతిలోని ముక్క తీసుకుంది. తెగినచోటు కత్తితో కోసినట్టు నున్నగా ఉంది. ముప్పై ఏళ్లు ఆయనతో కాపురం చేసిన మనిషి, దాని మీద బొటనవేలితో అచ్చం ఆయనలాగే రాసింది.

"ఇంకా ఆమేను అవ్వనేదురా బాబూ" అంది. "ఆయన నీ పని పాసు సెయ్యనేదు."

అని నవ్వింది. మూడు నెలల్లో ఆమె నవ్వడం అదే మొదలు. ఇస్మాయిల్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. పాస్టరుగారు పుస్తకం మొహానికి దగ్గరగా పెట్టుకున్నారు, భుజాలు మాత్రం కదులుతున్నాయి. తర్వాత ఆమె ఆ ముక్కను కళ్లకు అద్దుకుని ఏడ్చింది, మేమంతా ఏడ్చాం. చివరికి తల వైపు కూడా దించి, ఆగిన చోటు నుంచి ప్రార్థన ముగించాం.

అందుచేత పెద్దలందరి ఎదుట నేను చేసుకున్న ప్రతిజ్ఞ ఇది. తోలుకు అడ్డంగా గోటి గీత కంటే లోతుగా గాడి తీయను. నా పని అందంగా ఉందని ఎవరన్నా నమ్మను. నన్ను దించడానికి మాత్రం జనపతాడే వాడమని మా అబ్బాయికి చెప్పి ఉంచాను, వాడు పేపరు లోంచి తల ఎత్తకుండా "ఠీక్ హై, పాపా" అన్నాడు. మేస్త్రీగారిని దించిన తర్వాత ముప్పై ఏళ్లు నేను కుట్టిన ప్రతి బెల్టులోనూ కాళ్లెత్తి కూర్చున్నాను. ఒక్కటీ తెగలేదు. ప్రార్థన మాత్రం మేస్త్రీగారు చెప్పినంత తాపీగా చెప్పేవాణ్ణి.