కిరసనాయిలు మీద ఆగిన ఇంజను

భవానీపురంలో మా అపార్టుమెంటు కింద గడ్డి కోసే మిషను ఇవాళ ఎంత తాడు లాగినా స్టార్టు కాలేదు. ఆ పెట్రోలు వాసనకు ఉయ్యూరు దగ్గర మా చెరకు తోట గుర్తొచ్చింది.

మన ఈడువాళ్లకు గుర్తుందా, పెట్రోలుతో మొదలుపెట్టి కిరసనాయిలుతో నడిపే నీళ్ల ఇంజన్లు? ఆపే ముందు మళ్లీ పెట్రోలుకు మార్చాలి. లేకపోతే మర్నాడు కదలవు. నాన్నగారు ఒక్కనాడూ మరవలేదు.

డెబ్బైల్లో ఒక వేసవిలో, నడుస్తున్న ఆ ఇంజను పక్కనే నాన్నగారు కూలిపోయి చనిపోయారు. దినాలయ్యాక, ఎండుతున్న చెరకుకు నీళ్లు పెట్టాలని బాబాయి తాడు లాగి లాగి అలసిపోయాడు. చివరికి ప్లగ్గు విప్పి వాసన చూశాడు.

"కిరసనాయిలు మీదే ఆపేశారు వదినా. అన్నయ్య ఎప్పుడూ ఇట్టా ఆపడే!"

"మీ అన్నయ్య కాదయ్యా, నేనే ఆపాను," అంది అమ్మ. "ఆ మోతలో ఆయన ఊపిరి వినపడలేదు. ఆపినా వినపడలేదు."