అంగారకుడి మీద కమల

ధర్మవరంలో ఎవరింట్లో పట్టు నూలు చిక్కుపడినా చివరికి అది ఓబమ్మ ఒళ్ళోకే చేరేది. ఎంతటి సావుకారైనా ఆమె గుమ్మం ముందు చెప్పులు విడిచి, ఈ నూలు చిలప కొంచెం చూడమ్మా అని అడగాల్సిందే. ఓబమ్మ కత్తెర ముట్టదు. పోగు తెగనివ్వదు. ఈ విద్య ఎవరు నేర్పారంటే కమల అనేది. ఏ వీధి కమల అని అడిగితే నవ్వి ఊరుకునేది. కమల ఉండేది అంగారకుడి మీద అని చెబితే పని ఇచ్చేవాళ్ళు కూడా వెనక్కి తీసుకుపోతారు కదా.

డెబ్భై మూడులో ఆమెకు పద్దెనిమిదేళ్ళు. నాగప్ప సావుకారు మగ్గాల కొట్టంలో రాట్నం దగ్గర కొత్తగా చేరింది. అక్కడ రామదాసు అనే నడివయసు మనిషి ఉండేవాడు. ఒకప్పుడు మంచి నేతగాడు. భుజం జారాక మగ్గం దిగి, నూలు కండెలు చుడుతూ కూర్చునేవాడు. మధ్యాహ్నం అన్నాలయ్యాక గంటసేపు మాత్రం ఆయన చేతిలో పుస్తకం ఉండేది. ఆ గంటలో ఆయన చుట్టాల్సిన కండెలు మిగతావాళ్ళు వంతులేసుకుని చుట్టిపెట్టాలి. అదీ ఆ కొట్టంలో ఒప్పందం. కథ మంచి పట్టులో పడితే ఎనిమిది మగ్గాలూ ఒక్కసారే ఆగిపోయేవి. ఆ నిశ్శబ్దానికే లోపల పడుకున్న సావుకారుకు నిద్ర చెడేది.

ఆ ఏడు శాఖా గ్రంథాలయం నుంచి తెచ్చింది అంగారక గ్రహానికి వెళ్ళిన ఓడ కథ. అక్కడ నేలంతా ఎరుపట, చుక్క నీరు లేదట, గాలి లేస్తే దుమ్మేనట అని రామదాసు చదివితే, మగ్గం గుంతలోంచి శివప్ప తల ఎత్తాడు.

"దానికి అంత దూరం పోవల్లనా అన్నా? కళ్యాణదుర్గం బస్సెక్కితే సాలదా?"

అందరూ నవ్వారు, ఓబమ్మ తప్ప. ఆమె ఒళ్ళో చిలప ముద్దగా చిక్కుపడి ఉంది. అప్పటికే రెండు చిలపలు కత్తిరించి ముడులేసింది. ముడులున్న పట్టు మగ్గం మీద నిలవదు, ఊరికే తెగుతుంది. ఇంకొకటి పాడుచేస్తే రావద్దని సావుకారు ఖరాఖండిగా చెప్పేశాడు. లాగినకొద్దీ చిక్కు బిగుస్తోంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగి పోగు కనిపించక, ఆమె కత్తెర అందుకుంది.

సరిగ్గా అప్పుడే కథలో తుఫాను లేచింది. నేల మీదికి దిగిన మనుషులను ఓడకు కలిపే సన్నటి తీగ చిక్కుపడిపోయింది. నాయకుడు తీగ కోసెయ్యమన్నాడు. రామదాసు గొంతు సవరించుకున్నాడు. అప్పుడు కమల అనే పిల్ల ముందుకొచ్చి, ఆగండి, లాగితే బిగుస్తుంది, ముందు వదులు చెయ్యాలి, కొస తనంతట తానే కనిపిస్తుంది అన్నది. గాలి కొడుతున్నా కూర్చుని తీగంతా విప్పింది. అందరూ బతికారు.

"కమల ఎవురన్నా? ఇన్ని దినాలు లేదే" అన్నాడు శివప్ప.

"వంటింట్లో ఉండె. నువ్వు సరిగా వినల్యా" అన్నాడు రామదాసు.

ఓబమ్మ కత్తెర కింద పెట్టింది. చిలప వదులు చేసింది. పొద్దు గుంకేలోగా కొస దొరికింది. ఉద్యోగం నిలబడింది. తర్వాత కథ ముగిసేదాకా కమల అప్పుడప్పుడూ వంటింట్లోంచి వస్తూనే ఉంది.

మరుసటి ఏడాది రామదాసు తాడిపత్రిలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. కొట్టంలో చదివేవాళ్ళు లేకపోయారు. ఎనభైలో వీధిలో వయోజన బడి పెట్టినప్పుడు, ఎందుకు నేర్చుకుంటావని పంతులు ఒక్కొక్కరినీ అడిగాడు. బస్సు బోర్డులు చదవాలని ఒకరు, సంతకం చెయ్యాలని ఒకరు. ఓబమ్మ మాత్రం, "ఒక పుస్తకంలో ఒకామె ఉండాది. చూడల్ల" అంది.

కూడబలుక్కుని చదవడం రావడానికి నాలుగేళ్ళు పట్టింది. గ్రంథాలయంలో అదే పుస్తకం, కొత్త అట్టతో దొరికింది. రెండు నెలలు వేలు పెట్టి చదివింది. తుఫాను వచ్చింది. తీగ చిక్కుపడింది. నాయకుడు కోసెయ్యమన్నాడు. కోసేశారు. ఒక మనిషి ఆ ఎర్ర దుమ్ములోనే ఉండిపోయాడు.

తనకే చదవడం రాలేదేమో అనుకుని మళ్ళీ మొదటినుంచి చదివింది. పేజీలు పోయాయేమో చూడమని గ్రంథాలయం ఆయన్ని అడిగింది. ఒక్కటీ పోలేదు. ఓడలో ఉన్నది ఐదుగురు మగవాళ్ళు. కమల ఎక్కడా లేదు.

ఓబమ్మకు ఒళ్ళు మండింది. పదకొండేళ్ళుగా తన గురువని చెప్పుకున్న మనిషి ఉత్తిదేనా? అక్షరం రాని పిల్ల అని కొట్టమంతా కలిసి ఆటపట్టించారా? తన పేరూ పనీ ఒక ఎగతాళి మీద నిలబడ్డాయనిపించి రెండు రోజులు ముద్ద దిగలేదు. మూడోరోజు పుస్తకం సంచిలో పెట్టుకుని తాడిపత్రి వెళ్ళింది.

రామదాసు అల్లుడి బండల పాలిష్ షెడ్డు ముందు నీడలో కూర్చుని ఉన్నాడు. బాగా ముసలివాడయ్యాడు. ఆమె ఎవరో చెప్పుకుని, పుస్తకం తెరిచి ఆ పేజీ మీద వేలు పెట్టింది.

"ఈడ కమల యాడుందో చూపించన్నా."

ఆయన పుస్తకం వైపు చూడలేదు.

"లేదు పాపా. ఆ పొద్దు నేను తలెత్తి చూస్తే నీ చేతిలో కత్తెర ఉండాది. పుస్తకంలో కోసినారు. అది చదివింటే నువ్వూ కోసేస్తాంటివి. అందరి ముందర నీకు చెప్తే చిన్నబోతావు. అందుకని ఆ పిల్లతో చెప్పిచ్చినా."

ఓబమ్మ పుస్తకం మూసి సంచిలో పెట్టింది. వంగి ఆయన కాళ్ళకు దండం పెట్టింది.

"ఈ పొద్దుకీ నేను తినే అన్నం నువ్వు పెట్టిందే అన్నా. తెలీక కోపంగా వచ్చినా."

"తప్పు నాదే. నీకు చదువొస్తాదని, ఇట్ల పట్టుకుంటావని ఆ పొద్దు అనుకోల్యా" అన్నాడు రామదాసు, సిగ్గుపడుతూ.

"నేను చదువు నేర్చుకున్నెదే ఆమెను చూద్దామని" అంది ఓబమ్మ.