గోడవైపు తిప్పిన బొమ్మ

మొన్న మా కోడలు రంగుల పుస్తకం ఒకటి తెచ్చి నా ఒళ్ళో పెట్టి, ముందు గదికి ఏ రంగు వేయిద్దామో మీరే చెప్పండత్తమ్మా అంది. పుస్తకమంటే పుస్తకం కాదు, విసనకర్ర మాదిరి విప్పుకునే అట్టముక్కలు. ఒక్కో అట్టమీద ఒకే రంగు మెట్లు మెట్లుగా దిగుతూ తెల్లబడిపోతుంది, ప్రతి మెట్టుకూ ఒక నంబరు. వేలు పెట్టి చూపిస్తే చాలట, ఇక్కడే ఆత్మకూరు బస్టాండు దగ్గర కొట్లో మిషను నిమిషంలో కలిపి ఇచ్చేస్తుందట. మన కాలంలో ఇంటికి రంగంటే సున్నం, మహా అయితే అందులో కాస్త నీలిమందు, మీకూ గుర్తుండే ఉంటుంది. నేను ఆ అట్టలు తిప్పుతూ తిప్పుతూ ఆకుపచ్చల దగ్గర ఆగిపోయాను. కోడలు నాకు ఆకుపచ్చ నచ్చిందనుకుంది. పాపం, ఆ పిల్లకేం తెలుసు, నేను వెతుకుతున్నది గోడకు రంగు కాదని, మా అన్న వేసిన ఒక బొమ్మను నలభై ఏళ్ళుగా వెతుకుతున్నానని.

మా పుట్టిల్లు ఉదయగిరి. నాన్నను అబ్బా అనేవాళ్ళం, ఆయన కొండ కర్రతో గరిటెలు, చెంచాలు చెక్కేవాడు. ఇంటి వెనక వసారాలో ఒక సగం ఆయన కర్రపొట్టు, రెండో సగం మా అన్న రంగు డబ్బాలు, ఇద్దరి మీదా పెత్తనం చెయ్యడానికి మధ్యలో నేను. అన్న బోర్డులు రాసేవాడు. మర్రిపాడు మీదుగా పోయే లారీల వెనక పేర్లూ, తామరపూలూ, కిరాణా కొట్ల బోర్డులూ, తెలుగైనా ఉర్దూ అయినా తన అక్షరం ఇట్టే తెలిసిపోయేది. ఆ పని బస్టాండు దగ్గర, తొమ్మిది దాటాక. అంతకు ముందు, తెల్లవారి నమాజు అయిన దగ్గర్నుంచి తొమ్మిది దాకా వసారాలో చేసుకునే పని వేరు. దానికి గిరాకీ లేదు, పేరు కూడా లేదు.

చిన్నప్పుడు అందరిలాగే మనుషుల బొమ్మలే వేసేవాడు. మా దాదీ, అంటే నాయనమ్మ, ఒకనాడు వాటిని చూసి, "నమాజు చేసే ఇంట్లో కళ్ళూ ముక్కూ ఉండే బొమ్మలేందిరా, తీసెయ్" అనింది. అన్న ఎదురు చెప్పలేదు. కళ్ళు తీసేశాడు, తర్వాత ముక్కు తీసేశాడు, తర్వాత మనిషినే తీసేశాడు, చివరికి రంగులు మిగిలాయి. ముసలమ్మను ఆటపట్టించడానికి మొదలుపెట్టిన పని ఏడాది తిరిగేసరికి తన ప్రాణమైపోయింది. దాదీ కూడా ఆ రంగుల ముందు కూర్చుని తస్బీ పూసలు తిప్పుకుంటూ, "ఇది బాగుండాది, దీంట్లో నుంచి ఎవురూ మనల్ని చూడ్డంలేదు" అనేది.

అన్నకు ఉన్నది ఒకే ఒక్క బోర్డు. దుత్తలూరు బట్టల కొట్టాయన చేయించుకుని వద్దనేసిన రేకు బోర్డు, తలుపంత ఉండేది. దానిమీదే వారానికొక బొమ్మ. లారీల పనిలో మిగిలిన ఎనామిలు రంగులు, అబ్బా వంకరొచ్చాయని పారేసిన చెంచాలతో కలుపుకునేవాడు. మొదట అరగంట ఊరికే పీటమీద కూర్చుని చూసేవాడు. అమ్మకు ఒళ్ళు మండేది, "అట్నే కూర్చుంటే అదే ఏసుకుంటాదా?" అని అరిచేది. చూసిన వాళ్ళు చూసినట్టు, రంగు డబ్బా కాలితో తన్నినాడంట అని నవ్వేవాళ్ళు. నేను టీ గ్లాసు తీసుకెళ్తే మాత్రం, "ఈ మూల బరువైందా అమ్మీ?" అని అడిగేవాడు. మొదట్లో నోటికొచ్చింది చెప్పేదాన్ని. పోను పోను నిజంగానే కనబడసాగింది. ఒక పక్కన చిటికెడు నలుపు పడితే రెండో పక్క ఎరుపంతా ముడుచుకుపోవడం నేను కళ్ళారా చూశాను. ప్రపంచం మొత్తంమీద మా అన్న తన బొమ్మ ఎట్లా ఉందో అడిగేది నన్నొక్కదాన్నే, ఆ గర్వం నాకు బాగానే ఉండేది.

శనివారం మొదలుపెట్టి బుధవారానికి ముగించి, గురువారం ఆరనిచ్చి, శుక్రవారం తెల్లారి బోర్డును గోడవైపు తిప్పి వెళ్ళిపోయేవాడు. తిప్పాడంటే ఆ బొమ్మ పని అయిపోయిందని, ఇక దానిమీద తెల్లరంగు పూసెయ్యమని నాకు గుర్తు. నోటితో ఒక్కనాడూ చెప్పింది లేదు, చెప్పాల్సిన అవసరమూ రాలేదు. ఇంత కష్టపడి వేసింది చెరిపెయ్యడానికి మనసెట్లా ఒప్పుతుందని అడిగితే, "ఇంకోటి ఎయ్యాల గదా" అనేవాడు. నేను బోర్డు తిప్పి, కుంచె పట్టుకుని, తనివితీరా చూసుకున్నాకే తెలుపు పూసేదాన్ని. అందుకే అవి నాకు ఇప్పటికీ గుర్తు. తొలివాన పడ్డ కొండ రాళ్ళ రంగు మీద ఒక్క తెల్లగీత ఉన్నదీ, బూడిదరంగు నడుమ అరచేతంత పసుపు ఉన్నదీ, కావాలంటే ఈ క్షణం కూర్చోబెట్టి వర్ణించి చెప్పగలను.

డెబ్బైల చివర్లో నాకు పెళ్ళి కుదిరింది, ఆత్మకూరు సంబంధం. పెళ్ళికి మూడు వారాల ముందు నుంచి అన్న నన్ను వసారాలోకి రానివ్వలేదు. పెళ్ళికూతురివి, ఒంటికి రంగు అంటుకుంటుంది, పో అని తరిమేవాడు. పెళ్ళి ఆదివారం. శుక్రవారం ఇంటినిండా చుట్టాలు, పొయ్యిమీద డేగిసాలు, నాకు మెహందీ పెట్టడానికి అత్తలు కాచుకుని ఉన్నారు. వంటింటి గుమ్మంలోంచి చూస్తే వసారాలో బోర్డు గోడవైపు తిప్పి ఉంది. నేను వెళ్ళిపోతే పాపం అన్నకు తెలుపు పూసేదెవరు, పోయేముందు ఒక్కసారి చక్కగా సిద్ధం చేసి పెట్టి పోదామనిపించింది. పాతచీర ఒకటి చుట్టుకుని, బోర్డు తిప్పి, పైనుంచి మొదలుపెట్టాను. చుట్టాలు పిలుస్తున్నారు, నా చూపంతా గుమ్మంవైపే. కింద కుడిమూలకు వచ్చేసరికి రంగు ఇంకా పచ్చిగా ఉంది, నా కుంచె దాన్ని ఈడ్చుకుపోయి, తెలుపులో లేత ఆకుపచ్చ చార ఒకటి తేలింది. ఎన్నడూ లేనిది ఆరకుండానే తిప్పేశాడే, ఎంత మొద్దు మనిషి అని తిట్టుకుని, దానిమీద రెండో పూత కూడా వేసేశాను.

అన్న వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. మెచ్చుకుంటాడని నేను మురిసిపోతూ, "రెండు పూతలు ఏసినా చూడన్నా" అన్నాను. దగ్గరికొచ్చి బోర్డు చూశాడు. "శానా నున్నగా వచ్చిందమ్మీ" అన్నాడు. నా చేతిలో కుంచె తీసుకుని, తనే కిరసనాయిల్లో కడిగి పెట్టాడు.

అప్పగింతల నాడు నా పెట్టే, మంచమూ, గిన్నెలూ లారీకి ఎక్కిస్తుంటే, అన్న ఆ బోర్డును కూడా తెచ్చి తాడుతో కట్టాడు. కొత్త చుట్టాలు వింతగా చూస్తున్నారు. నాకు సిగ్గేసింది. "ఈ తెల్ల రేకు నాకెందుకన్నా, నీ పనికి కావాల గదా, దించెయ్" అన్నాను. సరేలే, నీ ఇష్టం అని, కట్టిన ముడి తనే విప్పుకున్నాడు. అదీ నేను చేసిన ఘనకార్యం.

తర్వాత ఏడెనిమిదేళ్ళు అన్న ఆ బోర్డుమీదే బొమ్మలు వేశాడు, తెలుపు తనే పూసుకున్నాడు. నేను పుట్టింటికి పోయినప్పుడల్లా టీ తీసుకెళ్ళేదాన్ని, ఏ మూల బరువైందో చెప్పేదాన్ని. ఒక్క మాట, ఒక్క చూపు, దేంట్లోనూ ఆ సంగతి బయటపడనివ్వలేదు. ఆ తర్వాత కామెర్లు వచ్చాయి. నలభై నిండకుండానే పోయాడు.

నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థన అయి చుట్టాలందరూ వెళ్ళాక అమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. "పెళ్ళికి ముందు నువ్వు తెలుపు పూసేసినావే, అది నీకోసరం ఏసిందే. పెళ్ళినాడు అందరి ముందరా తిప్పి చూపియ్యాలని అట్టా గోడకు పెట్టుకున్నాడు. చెప్తే ఏడస్తాది, చెప్పొద్దుమా అని నా చేత ఒట్టు ఏయించుకున్నాడు." దాంట్లో ఏముండింది అమ్మా అని అడిగాను. "నాకేం తెలుసు, నన్ను గూడా చూడనియ్యలా. చూసిందానివి నువ్వే గదా" అంది.

అవును, చూసింది నేనే. కుంచె చేతబట్టుకుని, కళ్ళు తెరుచుకుని, ఆ బొమ్మ ముందు పావుగంట నిలబడ్డాను. కుంచెకు అంటుకొచ్చిన ఆ లేత ఆకుపచ్చ చార తప్ప ఒక్క రంగు గుర్తులేదు. పారేసినవన్నీ గుర్తున్నాయి, నాకని వేసింది గుర్తులేదు. అప్పటికి ఆ బోర్డు మా పెరట్లో కోళ్ళగూటికి పైకప్పు అయ్యింది. అబ్బా చెక్కుడు కత్తి తీసుకుని ఆ మూల గీకి చూశాను. తెలుపు, ఎరుపు, తెలుపు, నీలం, అన్నీ ఒకే పెచ్చుగా ఊడి చేతిలోకి వచ్చాయి, కింద తుప్పు. అందులో నాది ఏదో నాకు తెలియలేదు. కోళ్ళగూటి పక్కనే కూలబడి గుండెలు బాదుకుని ఏడ్చాను, అమ్మ వచ్చి లేపిందాకా.

ఇప్పుడు మా మనవరాలు తినబోయే బిర్యానీకి కూడా ఫోటో తీసిగానీ ముద్ద నోట్లో పెట్టదు. మా అన్న అన్నేళ్ళ పనికి ఒక్క ఫోటో లేదు. ఉన్నదల్లా నా పెళ్ళిఫోటో. నేను మెహందీ చేతులు ముందుకు చాపి నవ్వుతూ కూర్చున్నాను, నా వెనక గోడకు ఆనించి ఒక తెల్లటి బోర్డు ఉంది.

ఈ రోజుల్లో ఏ రంగు పోగొట్టుకున్నా నంబరు చెబితే మిషను మళ్ళీ కలిపి ఇస్తుంది. కొట్లో ఎవరినైనా అడిగి చూడొచ్చు గానీ, ఏమని అడగను? చివరికి ఆకుపచ్చల అట్టలో అట్టడుగున, దాదాపు తెల్లగా ఉన్న మెట్టుమీద వేలు పెట్టాను. ఇది తెలుపే కదత్తమ్మా అంది కోడలు. కాదులే, అదే వేయించు అన్నాను. నిన్న రంగులబ్బాయి వచ్చి గోడంతా ఒక పూత వేసి, ఆరాక రెండోది వేస్తానన్నాడు. వద్దు నాయనా, ఒక్క పూత చాలు అని చెప్పి, ఆ గోడ ఎదురుగా కుర్చీ వేయించుకుని కూర్చున్నాను.