తొమ్మిది ఆకు కట్టలు

ఎండాకాలం ఖమ్మం గాలిలో మిర్చి ఘాటు తప్ప ఇంకో వాసన ఉండదు. కానీ మొన్న పదో తరగతి పిల్లలకు గణితం పోటీ పరీక్ష కోసం పాఠం చెబుతుండగా, కిటికీ కింది రోడ్డు మీద తునికాకు బస్తాల లారీ ఒకటి పోయింది. ఎండలో కమిలి ఆరిన ఆకు వాసన, కొంచెం వగరుగా, కొంచెం తేయాకులా, గదిలోకి వచ్చి కూర్చుంది. చేతిలో సుద్దముక్క ఉండగానే నేను పదమూడేళ్ళ పిల్లనై, దుమ్ముగూడెం దాటాక అడవి అంచున ఆకు ఆరబెట్టే మా కల్లంలో నిలబడ్డాను. బోర్డు మీద రాయబోతున్న లెక్క కూడా ఆ కల్లందే కావడం నా ఖర్మ.

మా నాన్న కల్లేదారు. బీడీలకు వాడే తునికాకును అడవి నుంచి కోసుకొచ్చినవాళ్ళ దగ్గర కట్టలు తీసుకుని, మంచివి ఉంచుకుని, చిల్లులు పడ్డవాటిని పక్కకు నెట్టేసే పని ఆయనది. భద్రాచలంలో నవమికి తాగిన పానకం తీపి ఇంకా నాలుక మీద ఉండగానే ఆకు పని మొదలయ్యేది. తెల్లవారుతుండగా అడవికి పోయిన ఆడవాళ్ళు మధ్యాహ్నం దాటాక కట్టలు నెత్తిన పెట్టుకుని, సొరకాయ బుర్రల్లో జొన్న జావతో, కొంగు ముడిలో తునికి పండ్లతో దిగేవాళ్ళు. వాళ్ళతోపాటే ఇప్పపువ్వు మత్తు వాసన కూడా వచ్చేది. పిల్లలం పందిరి నీడలో చింతగింజలతో ఆడుకుంటుంటే నాన్న కేక వేసేవాడు. వెంటనే లేచి, వరుసల్లో ఆరబెట్టిన కట్టలను తిరగేసేవాళ్ళం. కుడిచేత్తో ఒకటి, ఎడమచేత్తో ఒకటి, ఎప్పుడూ రెండేసి. ఒక్కొక్కటిగా తిప్పేవాళ్ళను సోమరిపోతులని వెక్కిరించేవాళ్ళు. ఆ పనిలో జోగమ్మను మించినవాళ్ళు లేరు. కోయగూడెం పిల్ల, బడిలో నా పక్కనే కూర్చునేది.

ఆ ఏడు మా లెక్కల సారుకు రుజువుల పిచ్చి పట్టింది. ఖమ్మంలో ఏదో పోటీ ఉందట, అక్కడ జవాబు రాస్తే చాలదట, ఎందుకు అలా అవుతుందో రుజువు చేయాలట. మా బడి నుంచి ఒక్కరికే చోటు. సెలవుల్లో కూడా ఆయన భద్రాచలం నుంచి స్కూటర్ మీద వచ్చి, జోగమ్మకూ నాకూ లెక్కలు ఇచ్చి వెళ్ళేవారు. చివరి లెక్క ఇది: తొమ్మిది గ్లాసులు బోర్లించి ఉన్నాయి, ప్రతిసారీ సరిగ్గా రెండింటిని తిప్పాలి, ఎప్పటికైనా అన్నీ నిలబడతాయా? నిలబడవంటే ఎందుకో చెప్పాలి. ఎవరు చెబితే వాళ్ళే ఖమ్మం.

మూడు రోజులు ఇంట్లో ఉన్న గ్లాసులన్నీ తిప్పి తిప్పి అమ్మతో చీవాట్లు తిన్నాను. నిలబడవని తెలుస్తోంది, ఎందుకో అంతు పట్టదు. మూడో రోజు కల్లంలో పని చేస్తూ చేస్తూ జోగమ్మ ఆగిపోయింది. తొమ్మిది కట్టలు విడిగా పేర్చి, అన్నిటికీ ఇంకా ఆరని పచ్చి వైపు పైకి పెట్టింది.

"పద్మా, ఇటు చూడు. రెండు పచ్చివి తిప్పితే పచ్చివి రెండు తగ్గుతయ్. రెండు ఎండినవి తిప్పితే పచ్చివి రెండు పెరుగుతయ్. అదొకటి, ఇదొకటి తిప్పితే ఎన్నున్నయో అన్నే. తొమ్మిదితోని మొదలువెడితే జతకు రానిది ఒకటి ఎప్పటికీ ఉంటది. యాడికి పోతది?"

ఆ సాయంత్రం దాన్నే సరి, బేసి అంటూ పుస్తకం భాషలో, మార్జిన్ గీత కొట్టి, తప్పు లేకుండా రాసుకున్నాను. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు. ఖమ్మం పోవాలి, అంతే.

మర్నాడు సారు మొదట నా కాగితం చదివి మురిసిపోయారు. తర్వాత జోగమ్మది తీశారు. నిండా ఆకు కట్టల బొమ్మలు, మధ్యలో వంకర టింకర మాటలు.

"ఏందే ఇది? పద్మది చూసి నీకొచ్చినట్టు రాసినవా?" అని, నా వైపు తిరిగారు. "పద్మా, ఇది నువ్వే చేసినవా?"

జోగమ్మ నన్ను ఒక్కసారి చూసింది. నేను నా చెప్పుల వైపు చూస్తూ, "అవ్ సార్" అన్నాను.

ఆమె ఒక్క మాట అనలేదు. అదేదో మంచితనమని చాలాకాలం అనుకుని హాయిగా ఉన్నాను. వాళ్ళమ్మ తెచ్చే ప్రతి కట్టా మా నాన్న చేతి మీదుగా పోవాలన్న సంగతి పదమూడేళ్ళకే ఆమెకు తెలుసునని, నాకు పెళ్ళయి పిల్లలు పుట్టాక గాని తట్టలేదు. ఆ సాయంత్రం వాళ్ళమ్మ, "ఖమ్మం పోతున్నవంట గద బిడ్డా" అంటూ ఆకుదొన్నె నిండా తునికి పండ్లు ఇచ్చింది. జోగమ్మ తల ఎత్తకుండా కట్టలు తిరగేస్తూనే ఉంది. సిగ్గులేకుండా ఆ పండ్లన్నీ తిన్నాను. ఆ తీపి ఇప్పటికీ ఒక్కోసారి నోట్లోకి వస్తుంది, ఆ పూట అన్నం సయించదు.

బడి తెరిచాక ఆమె రాలేదు. గోదావరి అవతలి ఊరికి ఇచ్చారన్నారు. ఒకసారి రేవు దాకా వెళ్ళాను. పడవ నిండేవరకు నిలబడి, ఎక్కకుండా తిరిగొచ్చాను. ఇప్పుడు నాన్న లేడు, సారూ లేరు, కల్లం ఉన్నచోట జామాయిల్ తోట వేశారు. ఆ కట్టల బొమ్మల కాగితం ఏ చెత్తలో కలిసిందో ఎవరికీ తెలియదు. రుజువు మాత్రం ఏటేటా నా చేతిరాతతో బోర్డు ఎక్కుతూనే ఉంది.

మొన్న లారీ వాసన గదిలోంచి ఇంకా పోకముందే ముందు బెంచీ పిల్ల అడిగింది: "మేడమ్, గిది ఎవరు కనిపెట్టిండ్రు?"

ప్రతి ఏడూ పాత లెక్కేనని దాటేసేదాన్ని. ఈసారి, "జోగమ్మ. నా పక్కన కూర్చునేది" అన్నాను.

"అయితే ఆమెనే ఖమ్మం పోయిందా మేడమ్?"

"లేదు."

"ఎందుకు?"

ఏ మాట చెప్పినా ఎందుకో అడగమని వాళ్ళకు నేర్పింది నేనే. క్లాసంతా పెన్నులు పట్టుకుని నా వైపే చూస్తోంది. నేను బోర్డు వైపు తిరిగి, సుద్ద ఆనించి, ఆ ఎందుకుకు జవాబు రాయబోయి మొదటి అక్షరం దగ్గరే నిలబడిపోయాను.