మంచమంత రన్‌వే

మొన్న మే నెలలో నాగపూర్ నుంచి హైదరాబాదుకు విమానంలో పోవలసి వచ్చింది. మిట్టమధ్యాహ్నం వేళ. అందరం ఎక్కి బెల్టులు పెట్టుకుని కూర్చున్నాక, ఎండ మరీ ఎక్కువగా ఉన్నందున బరువు తగ్గించాలనీ, కొన్ని పెట్టెలు తర్వాతి విమానంలో వస్తాయనీ మైకులో చెప్పారు. నా పక్కనున్న పెద్దమనిషికి కోపం నషాళానికంటింది. ఎండకూ తన పెట్టెకూ ఏమిటి సంబంధమని ఆయన ప్రశ్న. వేడెక్కితే గాలి పలచబడుతుంది, పలచటి గాలి రెక్కల్ని సరిగా మోయదు, అందుకని విమానం ఎక్కువ దూరం పరుగెత్తాలి, లేదంటే బరువు దించుకోవాలి అని నిదానంగా చెప్పాను. ఆయన నా నేతచీర వంక, ఒళ్లో ఉన్న స్టీలు టిఫిన్ డబ్బా వంక చూసి, నేనేం చేస్తుంటానని అడిగాడు. బల్లార్‌పూర్‌లో మాకు గిన్నెల దుకాణం ఉందన్నాను. హైదరాబాదు వచ్చేదాకా ఆయన మళ్లీ నాతో మాట్లాడలేదు.

నాకు ఆ పాఠం చెప్పింది మా మరిది కూతురు. దుకాణం బల్లార్‌పూర్ బజారులో, ఇల్లు పక్కనే బామ్నిలో. అన్నదమ్ములిద్దరి కాపురాలూ మా అత్త పెత్తనం కింద. నేను మంచిర్యాల వైపు నుంచి కోడలిగా వచ్చినదాన్ని కనుక ఇంట్లో తెలుగు చదవడం, రాయడం వచ్చినది నాకొక్కదానికే. మిగిలినవాళ్లు తెలుగులో పోట్లాడి మరాఠీలో లెక్కలు రాసుకునే రకం. ఈ పిల్ల మాత్రం దుకాణంలో కూర్చోబెడితే గిరాకీని వదిలేసి ఆకాశం వంక చూసేది. చివరికి నాగపూర్‌లో విమానాల ఇంజనీరింగులో చేరింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మా అత్త మురిపెంగానే విసుక్కుంది. మూడో ఏడు సెలవుకు వచ్చినప్పుడు ఆ పిల్ల, తన పరిశోధనకు ప్రభుత్వం డబ్బు మంజూరు చేసిందని చల్లగా చెప్పింది. డిగ్రీ ఇంకా చేతికి రాని పిల్లలను పిలిచి, మీకున్న సందేహమేదో మీరే తేల్చుకురండి అని ప్రభుత్వం డబ్బిస్తుందంటే మాకెవరికీ మింగుడు పడలేదు. నాకైతే ఆ ప్రభుత్వం మీద ఉన్నట్టుండి గౌరవం పుట్టుకొచ్చింది. మా మరిది వ్యాపారస్తుడు కదా, ముందు అడగవలసింది అడిగాడు.

"సబ్సిడీయా, లోనా?"

"రెండు గాదు బాపు. గ్రాంటు."

"వాపస్ కట్టాల్నా మరి?"

"కట్టుడేం లేదు. నేనేం తెల్సుకున్ననో గది చెప్పాలె. అంతే."

ఇంత సులువైన బేరం తన జన్మలో చూడలేదన్నాడు మా మరిది.

మా ఎండల్లో చిన్న ఊళ్ల రన్‌వేలు ఎంత కాగుతాయి, పొద్దున్నే చూసి మధ్యాహ్నం సంగతి చెప్పగలమా అన్నది ఆ పిల్ల సందేహం. విమానం నడపడం నేర్చుకునేవాళ్లకు ఏ వేళ ఎగరకూడదో ముందే తెలిస్తే ప్రాణాల మీదికి రాదట. నిజం విమానాలు తిరిగేచోట నెలల తరబడి వేడి కొలిచే డబ్బాలు పాతనివ్వరు కనుక, మా ఇంటి పక్క ఖాళీ జాగాలో, రోడ్లు వేసేవాళ్ల చేత మంచమంత మేర డాంబరు వేయించింది. మధ్యలో ఒక ఇనుప గుంజ, గుంజకు ఒక తెల్ల డబ్బా, డాంబరులోకి ఒక తీగ. గంటగంటకూ వేడిని ఆ డబ్బాయే గుర్తు పెట్టుకుంటుందట. ఇటు మొదలూ అటు చివరా లేని ఆ రోడ్డును చూడ్డానికి బామ్ని అంతా వచ్చింది. "ఎలక్షన్లు గిట్ల ఉన్నయా ఏంది, గింత రోడ్డేసి పోయిండ్రు?" అని పక్కింటామె నన్ను అడిగింది. మా అత్త మాత్రం దాన్ని ఎవరినీ రోడ్డు అననిచ్చేది కాదు. "గాలిమోటరు దిగే జాగ" అని వచ్చినవాళ్లందరికీ చూపించేది. నిజంగానే దిగుతుందేమోనని, బట్టలారేసే తీగను కూడా అటునుంచి ఇటు మార్పించింది.

మే నెల వచ్చింది. మా జిల్లాకు దేశంలో పేరుందంటే ఆ నెల ఎండల వల్లే. దుకాణంలో గుమ్మం దగ్గరున్న బిందెను ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. కూలర్లలో పోసిన నీళ్లు పోసినట్టే మాయమవుతాయి. కాకులు నోళ్లు తెరుచుకుని నీడకు చేరతాయి. సరిగ్గా అప్పుడే ఆ పిల్లకు పరీక్షలు వచ్చిపడ్డాయి. డబ్బాను వాళ్ల బాపమ్మకు, అంటే మా అత్తకు, అప్పజెప్పి నాగపూర్ వెళ్లింది. తనకు కావలసినవి ఆ నిప్పులు చెరిగే రోజులే అని మరీ మరీ చెప్పింది.

పరీక్షలు కాగానే తిరిగొచ్చి, డబ్బాలోని అంకెలన్నీ లాప్‌టాప్‌లోకి ఎక్కించుకుని అరుగు మీద కూర్చుంది. చూస్తూ చూస్తూ మొహం చిట్లించింది. ఊరంతా పెనం మీద ఉన్న రోజుల్లో మా డాంబరు మాత్రం మధ్యాహ్నం కాగానే చల్లబడిందట, రోజూ అదే వేళకు. తీగ ఊడిందేమోనని చూసింది, డబ్బాను తట్టి చూసింది. ఇంతలో మా అత్త లోపలి నుంచి బకెట్టు మోసుకుంటూ వచ్చింది. మా అందరి కళ్లముందే ఆ నీళ్లు డాంబరు మీద గుమ్మరించి, భుజాన ఉన్న తడి తువ్వాలను డబ్బాకు చుట్టింది. "పసిపోరగాడు ఎండల నిలబడ్డట్టే ఉంటది బిడ్డా. నా పానం ఒప్పలే. నువ్వు పోయినకాన్నుంచి దినాం పోస్తున్న" అంది. బోరు ఎండిపోయి ట్యాంకరు కోసం కాచుకున్న రోజులవి. తన స్నానం నీళ్లలోంచి సగం మిగిల్చి తెచ్చి పోసింది మహాతల్లి.

ఆ పిల్ల లేచి ఖాళీ బకెట్టు అందుకుని, "ఇగ రేపటికెల్లి పొయ్యకు బాపమ్మ" అని మాత్రం అంది. జరిగిందేమిటో మా మరిది వాళ్లమ్మకు విడమరచి చెప్పాడు. అయ్యవారిని చేయబోతే కోతి అయినట్టయింది. మా అత్త ఆ పూట అన్నం ముట్టలేదు. తల్లి మొహం చూడలేక మా మరిది కూతురికి ఒక ఉపాయం చెప్పాడు.

"ముందటి వారం అంకెలే గీడ గూడ పెట్టు. ఎండ గట్లనే ఉండె కద, ఎవలకెర్క?"

"గట్లనే ఉండొచ్చు బాపు. నేనైతే చూడలే కద."

ఆ పిల్లకు అన్నం కలిపి పెట్టి, జడలు వేసి పెంచినదాన్ని నేను. ఆ మాట విన్నాక ఇది మా ఇంటి పిల్లేనా అని గర్వంగా చూశాను.

గ్రాంటు ఇచ్చిన కమిటీవాళ్లు ఆ పిల్ల కాలేజీకే వచ్చి, డబ్బు తీసుకున్న పిల్లలందరి పనీ చూశారు. తప్పు తనదేనని చెప్పడానికి ఇంటిమనిషి ఒకరు ఉండాలని మా అత్త పట్టుబట్టి నన్ను పంపింది. నేను నోరు విప్పే అవసరమే రాలేదు. ఈ రోజులు ఖాళీగా ఎందుకున్నాయని అడిగితే, మా బాపమ్మ నీళ్లు పోసింది అని ఆ పిల్లే చెప్పేసింది. హాలంతా నవ్వింది. నవ్వయ్యాక అసలు మాట వచ్చింది. ముఖ్యమైన రోజులే లేనప్పుడు పని పూర్తయినట్టు కాదన్నారు. తోటి పిల్లలు చప్పట్ల మధ్య సర్టిఫికెట్లు తీసుకున్నారు. ఈమెకు దొరికింది ఇంకో ఏడు గడువు. "సామాను నీ దగ్గరే ఉంచుకో, ఎండాకాలం మళ్లీ వస్తుంది కదా" అంది కమిటీలో పెద్దామె. తిరుగు రైల్లో వరోరా స్టేషను దాటేదాకా ఆ పిల్ల కిటికీ వైపు నుంచి తల తిప్పలేదు.

ఇంటికొచ్చి సంగతి చెబితే మా అత్త ఒక్కటే అడిగింది: "మల్ల ఎండకాలం దాంక నేనుంటనా?"

అప్పటికే ఆమె గుండె బలహీనం. మందులంటే మొహం తిప్పుకునే మనిషి, ఆ చలికాలమంతా వేళకు అడిగి వేసుకుంది. తన చేత్తో చెడగొట్టింది తన కళ్లముందే బాగుపడాలని ఆమె పట్టుదల. మార్చి చివర్లో మొదటి వడగాలి కొట్టినప్పుడు "ఎండ మంచిగ కొడ్తుంది" అని ఆమె సంబరపడుతుంటే, పక్కింటామె నా వంక అనుమానంగా చూసింది. ఆ వేసవంతా వరండాలో మంచం వేయించుకుని, దూడలను అదిలిస్తూ, పిల్లలను కసురుతూ కాపలా కాసింది. పొద్దున వాకిట్లో చల్లే పేడనీళ్ల సానుపు కూడా ఆ పక్కకు చల్లనివ్వలేదు.

మే ఆఖరులో ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు పట్టి వాన దంచింది. ఊరంతా మురిసిపోయి బయటికొస్తే, మా అత్త గొడుగు పట్టుకుని డాంబరు వైపు పరుగెత్తింది. మనవరాలు వెంటపడి చెయ్యి పట్టుకుంది. "పొయ్యనీ బాపమ్మ. వాన పోస్తే తప్పు లేదు, మనం పోస్తెనే తప్పు." ఇద్దరూ ఆ డాంబరు పక్కనే తడుస్తూ నిలబడ్డారు.

ఆ ఏడు కమిటీవాళ్లు పని ఒప్పుకున్నారు. ఆ కబురు విని మా అత్త కళ్లొత్తుకుంటూ మనవరాలి తల నిమిరింది. ఇంకో ఎండాకాలం ఆమె చూడలేదు. ఎండలు ఎప్పుడు పోతాయా అని లెక్కపెట్టుకుంటూనే ఈ జిల్లాలో నా సగం జీవితం గడిచిపోయింది; ఎప్పుడొస్తాయా అని ఇంటిల్లిపాదీ ఎదురుచూసింది ఆ ఒక్క ఏడే.