మా పొయ్యిల ఆకుపచ్చ మంట

“మొన్న ఎదురింటామె మన నిప్పు తీస్కపోయినప్పటి సంది మంట ఆకుపచ్చగ లేస్తున్నది అత్తమ్మా! గిది బాణామతి గాక ఇంకేంది?” అన్నది కోడలు.

“మంత్రాలు వచ్చిన మనిషయితే ముందుగాల తన పొయ్యి అంటువెట్టుకునేది కదనే! నిప్పుకు మన ఇంటికి ఎందుకొస్తది?” అన్న నేను.

“మీకు అందరు మంచోళ్లే. రేపు నాగల్‌గిద్ద దిక్కు నుంచి మంత్రగాడు వస్తుండు. ఎవరు చేసిన్రో పేరు చెప్తడు. నల్లకోడి తయారు పెట్టమన్నడు.”

“గుడ్లు పెట్టే కోడే అది!”

నారాయణఖేడ్‌ల మా వాకిట్ల, స్నానం నీళ్లు కాగే పొయ్యి ముంగట జరిగిన లొల్లి ఇది. బాణామతంటే మా దిక్కు చేతబడి. ఎదురింటామె ఒంటిమనిషి, జొన్నరొట్టెలు చేసి అమ్ముకొని బతుకుతది. రోజు పొద్దున రొట్టెలు కాల్చే పెంక పట్టుకొని మా పొయ్యిల నిప్పులు తీసుకపోతది. ఒక్క అగ్గిపుల్లతో రెండు పొయ్యిలు వెలగాలని ఆ రివాజు పెట్టింది నేనే. మంత్రగాడు ఆమె పేరు చెప్పిండంటే ఇగ ఆమె రొట్టె ఎవ్వరు ముట్టరు. గల్లీల ఉండనియ్యరు.

కోడలితోని అంత గట్టిగ మాట్లాడిన గని, ఆ పొద్దున నేను చేసింది గూడ చెప్పాలె. ఆమె పెంకతో వచ్చినప్పుడు, “ఇయ్యాల నిప్పు లేదు చెల్లె” అన్న. నా ఎనుక మంట నీళ్ల కాగు నడుము దాక లేస్తున్నది. ఆమె మంటను చూసింది, నన్ను చూసింది, పోయింది.

పగటాళ్లకు గల్లీ అంత మా వాకిట్లనే ఉన్నది. ఒకామె మంట ఆకుపచ్చ అన్నది, ఒకామె నీలం అన్నది. అసలు మా ఇంటికే రానామె, మంటల మొఖం కనవడ్డదని అందరికి చెప్పుకుంట తిరిగింది.

సాయంత్రం పదో తరగతి చదివే మనుమరాలు బడి నుంచి వచ్చి పొయ్యిలకు తొంగి చూసింది.

“నాయనమ్మా, గిది రాగి.”

“కట్టెల రాగి ఏడికెళ్లొస్తదే? బిందెలు కాలవెడుతున్ననా నేను?”

నన్ను వంటింట్లకు గుంజుకపోయి గ్యాస్ ముట్టిచ్చింది. నీలం మంట మీద చిటికెడు ఉప్పు చల్లితే అంత పసుపు రంగయింది. “ఉప్పుల సోడియం ఉంటది, అది పసుపు. రాగిది ఆకుపచ్చ. సున్నంల ఉండే కాల్షియంది ఇటుక ఎరుపు,” అన్నది.

“ఎందుకట్ల?”

“వేడి తగిలితే లోపలి ఎలక్ట్రాన్లు పై మెట్టుకు ఎగురుతయి. ఆడ నిలువలేక మళ్ల కిందికి దిగుతయి. దిగేటప్పుడు మింగిన వేడిని వెలుగు చేసి వదులుతయి. ఒక్కొక్క లోహానికి మెట్లు వేరే, అందుకే రంగు వేరే.”

నేను రెండో తరగతి దాకనే చదివిన గని ఇది జల్దీ అర్థమయింది. మా లీడర్లు గూడ అంతే. కుర్చీ దిగినంకనే ఎవని రంగేందో కనవడుతది.

“ఇంకో చిటికెడు వేస్త చూడు.”

“చాలు. ఉప్పు ఊరికే రాదు.”

అప్పుడు పోయి మిగిలిన కట్టెలు తిరగేసిన. ఒక చెక్క అతుకుల నీలం మరక ఉన్నది. చూడంగనే గుర్తువట్టిన. మా ఆయన జొన్న విత్తనానికి తెగులు రావద్దని మైలుతుత్తం నీళ్లల్ల నానబెట్టే చెక్కతొట్టి అది. తుత్తమంటే రాగి సరుకేనంట. ఏండ్ల కొద్ది కొట్టంల పడున్న తొట్టిని, కట్టెలు కొనుడెందుకని మొన్ననే నా చేతులతో పగలగొట్టిన.

గల్లీ ఆడోళ్లను పిలిచిన. ఆ చెక్క పేడు తడిపి గ్యాస్ మంటల పెట్టిన. ఆకుపచ్చగ లేచింది.

“చూసిన్రా? బాణామతి చేసింది నేనే. కోడిని తిప్పేదుంటే నా చుట్టు తిప్పుండ్రి.”

“మరి నేను చూసిన మొఖం?” అన్నది ఆ మంటల మొఖం సంగతి చెప్పినామె.

“నువ్వు పగటాళ్ల రానే లేదు కదనే!”

కోడలు మంత్రగానికి రావద్దని కబురు పంపింది.

మరునాడు పొద్దున ఎదురింటామె నిప్పుకు రాలేదు. నేనే పెంకల నిప్పులు వేసుకొని పోయిన. రొట్టెల కోసం ఇద్దరు ముగ్గురు గడప కాడ ఎప్పటిలెక్కనే కూసున్నరు. పొయ్యి మండుతున్నది.

“అగ్గిపెట్టె కొనుక్కున్న అక్కా,” అన్నది ఆమె, రొట్టె తట్టుకుంటనే.

నిప్పులు మళ్ల తెచ్చి మా పొయ్యిలనే వేసిన.